తలగడ మీది శనగ పొట్టు

నా చిన్నప్పుడు, మా తమ్ముడు పోయిన తర్వాత, మా ఇంట్లో ఎవరైనా సూది వేయించుకోవడం గురించి మాట ఎత్తితే చాలు, మా అమ్మ లేచి వెళ్లిపోయేది. మలేరియా వచ్చినా, కాలికి మేకు గుచ్చుకున్నా మాకు మాత్రలూ కషాయాలే. ఎందుకని అడిగినవాళ్లకు "మా చిన్నోడు సూదితోనే పోయిండు" అని ఒక్క మాట చెప్పి ఊరుకునేది. ఆ మాట మా బంధువుల్లోనూ మా వాడలోనూ నలభై ఏళ్లు తిరిగింది. కొత్తగా వచ్చిన కోడళ్లకు కూడా అది చేరింది. ఆ సూది వేసిన మనిషి పక్కింటి అక్క. ఆమె ఇప్పుడు బతికి లేదు. నాకు యాభై దాటాయి. ఆ రోజు జరిగింది జరిగినట్టు రాయడానికి మిగిలినవాణ్ని నేనొక్కణ్నే, ఇన్నాళ్లూ రాయనివాణ్నీ నేనే.

మాది చిలకలగూడ. స్టేషన్ నుంచి వచ్చే దారిలో మా బాపుకు సైకిల్ టాక్సీ దుకాణం ఉండేది. సైకిళ్లు గంటల లెక్కన కిరాయికి ఇచ్చేవాడు, పంచర్లు వేసేవాడు. దుకాణం వెనక రెండు గదుల్లో బాపు, అమ్మ, నాయనమ్మ, నేను, తమ్ముడు ఉండేవాళ్లం. గోడకు అవతలి వాటాలో ఒక క్రైస్తవ కుటుంబం. ఎప్పుడో కోస్తా నుంచి బడిపంతులు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. వాళ్ల పెద్దమ్మాయే నేను చెప్తున్న అక్క. ఆసుపత్రిలో నర్సు. తెల్లచీర కట్టుకుని సైకిల్ మీద డ్యూటీకి వెళ్లేది. ఆడమనిషి సైకిల్ తొక్కడం మా వాడలో పెద్ద వింత. మా బాపు మాత్రం ఆమె సైకిల్‌కు పైసా తీసుకోకుండా గాలి కొట్టి పెట్టేవాడు.

తమ్ముడు పోయిన ఏడాది, 1948లో, ఊరంతా భయంతో ఉండేది. రజాకార్ల కవాతులు, రకరకాల పుకార్లు. మా బంధువులు చాలామంది వేసవిలోనే పిల్లాపాపలతో బెజవాడ వైపు వెళ్లిపోయారు. మేము కూడా వెళ్దామని అనుకుంటూ అనుకుంటూ వానాకాలంలోకి వచ్చాం. అప్పుడు తమ్ముడికి జ్వరం పట్టుకుంది. వాడికి ఆరేళ్లు, నాకు తొమ్మిది. జ్వరం రోజురోజుకూ మెట్లెక్కినట్టు ఎక్కింది, దిగలేదు. ఇక ఎక్కడికీ కదిలే మాట లేకుండా పోయింది.

ఆసుపత్రిలో డాక్టర్ చూసి టైఫాయిడ్ అన్నాడు. ఇది చాలదని నాయనమ్మ మా గల్లీ హకీం సాబుకు నాడి చూపించింది. ఆయన చాలాసేపు కళ్లు మూసుకుని, మియాదీ బుఖార్ అన్నాడు. మియాద్ అంటే గడువు. గడువు ఉన్నన్నాళ్లు ఉండి పోయే జ్వరమట. తర్వాత ఆయుర్వేదం చదివిన ఒక పంతులుగారు వచ్చి సన్నిపాతం అన్నారు. నాయనమ్మ బెంబేలెత్తిపోయింది. పక్కింటి అక్క థర్మామీటర్ పట్టుకుని వచ్చేసరికి గడపలో కూర్చుని ఏడుస్తోంది.

"ఒక్క పోరడు, మూడు రోగాలమ్మా! నేనేం పాపం జేసిన్నో!"

అక్కకు నవ్వు వచ్చింది. "మూడు కాదు మామ్మగారూ, జబ్బు ఒకటే. మిమ్మల్ని మీ అమ్మ ఒక పేరు పెట్టి పిలిచింది, మీ ఆయన ఇంకోలా పిలిచాడు, నేను మామ్మగారూ అంటున్నాను. మీరు ముగ్గురా?"

"మా ఆయన పిలిస్తే గద! ఓయ్ అంటుండె, గంతే" అంది నాయనమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

ఆ జ్వరానికి అప్పట్లో మా ఊళ్లో మందు లేదు. మామూలు మందులు కూడా ఆ గొడవల్లో దొరికేవి కావు. బార్లీ నీళ్లు, గంజి తేట, పలచటి పాలు, తడిగుడ్డ, మంచం మీద నుంచి లేవనివ్వకపోవడం. ఇదే వైద్యం. డాక్టర్ ఇంట్లోనే పెట్టుకుని చూసుకోమన్నాడు. అక్క డ్యూటీకి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చూసిపోయేది. చూసిన ప్రతిదాని పేరూ నాకు చెప్పేది. నాలుక మీద తెల్లటి పూత ఎందుకు వస్తుందో, పక్కటెముకల కింద ఎడమవైపు ప్లీహం ఉబ్బితే వేళ్లకు ఎలా తగులుతుందో, నాడి కొట్టుకోవడానికీ గుండెకూ ఏమిటి సంబంధమో. నా చెయ్యి పట్టుకుని తమ్ముడి మణికట్టు మీద పెట్టి లెక్కపెట్టించేది. "ఏం డాక్టరుగారూ, ఎంత?" అని అడిగేది. ఆ పిలుపు కోసం నేను పొద్దున్నుంచీ ఎదురుచూసేవాణ్ని.

ఒకరోజు ఆమె సైకిల్ పంచరైంది. బాపు లోపల తమ్ముణ్ని పట్టుకుని కూర్చున్నాడు. నేను దాని పాత ట్యూబు బయటికి తీసి గాలి కొడుతున్నాను. అక్క నా పక్కన కూర్చుని ఆ ట్యూబును చేతుల్లోకి తీసుకుంది. ఒకచోట రబ్బరు అరిగి పల్చబడి, గాలి కొట్టేకొద్దీ బుగ్గలా పైకి ఉబుకుతోంది.

"చూడు, పేగు కూడా ఇలాంటి గొట్టమేరా. టైఫాయిడ్ అంటే ఒళ్లు కాలడం ఒక్కటే కాదు. లోపల పేగుకు పుండ్లు పడతాయి. పుండు పడ్డచోట ఇదిగో, ఇంత పల్చన అవుతుంది."

"జొరం దిగినంక బాగైతది గద?"

"జ్వరం ముందు దిగుతుంది, పుండు తర్వాత మానుతుంది. ఆ మధ్య రోజులే చెడ్డవి. అప్పుడు వాడికి ఆకలేస్తుంది. అడుగుతాడు, ఏడుస్తాడు. మీ నాయనమ్మ మనసు కరుగుతుంది. గట్టిది ఏదీ పెట్టనివ్వకు. నువ్వే కాపలా."

ఆమె బొటనవేలితో ఆ బుగ్గను నొక్కింది. రబ్బరు ఎంత పల్చగా ఉందంటే అవతల ఆమె గోరు ఆకారం తెలిసింది. ఆ సాయంత్రం నుంచి పేగు గురించి తెలుసుకోవలసిందంతా నాకు తెలిసిపోయిందనుకున్నాను.

అక్క చెప్పినట్టే జ్వరం మెల్లగా దిగడం మొదలైంది. తమ్ముడికి ఆకలి షురూ అయింది. రొట్టె కావాలనేవాడు, మామిడికాయ తొక్కు కావాలనేవాడు. అన్నిటికంటే ఉప్పు కావాలనేవాడు. గోడకు ముఖం తిప్పుకుని, తినే వస్తువుల పేర్లు ఒక్కొక్కటే తనలో తను చెప్పుకునేవాడు. నాయనమ్మ అక్క వచ్చినప్పుడల్లా దెప్పిపొడిచేది. "నీళ్లు తాగిచ్చి తాగిచ్చి నా పోరణ్ని చాపపిల్లను జేస్తున్నవు గదమ్మా!" అక్క ఆమె భుజం పట్టుకుని, "ఇంకొన్నాళ్లు ఓపిక పట్టండి మామ్మగారూ. తర్వాత మీ ఇష్టం, ఏనుగును చేయండి" అనేది.

అంతలో యూనియన్ సైన్యం వస్తోందన్నారు. ఆకాశంలో విమానాలు తిరిగాయి. దుకాణాలు మూతపడ్డాయి. బాపు సైకిళ్లన్నీ లోపలికి తెచ్చి ఒకదానిమీద ఒకటి పేర్చాడు. అక్కను ఆసుపత్రిలోనే ఉండిపొమ్మన్నారు. నాయనమ్మ పొయ్యి దగ్గర కూర్చుని పోచమ్మకు మొక్కుకుంది. పిల్లగాని జ్వరం దిగి, ఈ గండం గడిస్తే శనగ గుడాలు, అంటే ఉప్పేసిన గుగ్గిళ్లు, ఉడికించి నైవేద్యం పెట్టి వాడకు పంచుతానని.

ఒక సాయంత్రం మూలమీది ఇరానీ హోటల్ రేడియోలో నిజాం ప్రభువు మాట్లాడాడు. యుద్ధం ఆగిపోయిందన్నారు. నిమిషాల్లో గల్లీ అంతా మనుషులు. కొందరు కేకలు వేస్తూ, కొందరు ఏడుస్తూ, కొందరు తలుపులు వేసుకుంటూ. హకీం సాబు ఇంటి తలుపులు కూడా మూసుకున్నాయి. నాయనమ్మ అప్పుడే శనగలు పొయ్యి మీద పెట్టింది. దేవుని ముందు పెట్టి, అందరికీ పంచి, ఆఖరున ఒక గిన్నెలో కొన్ని తీసుకుని తమ్ముడి మంచం దగ్గరికి వచ్చింది. అమ్మా బాపూ వాకిట్లో ఉన్నారు.

"అక్క వద్దన్నది గదనే" అన్నాను.

"దేవుని పేరు మీదియిరా. హకీం చెప్పిన మియాద్ అయిపోయె, జొరం దిగె. రజాకార్ల పీడ సుత దిగె. నాలుగు గింజలకు ఏం గాదు. జెర పక్కకు జరుగు."

ఆమె ఒక్కొక్క గింజనూ వేళ్లతో మెదిపి, పొట్టు తీసి, వాడి నోట్లో పెట్టింది. అంత జాగ్రత్తగా పెట్టింది. వాడు మొదటి గింజ నమిలి నావైపు తిరిగాడు. ముఖం వెలిగిపోయింది.

"అన్నా, ఉప్పున్నదిరా!"

వాడు నాతో అన్న ఆఖరు మాట అదే.

తెల్లారాక కడుపునొప్పి అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, చెమటలు కక్కుతూ, ముఖం తెల్లబడి పడుకున్నాడు. అప్పటికి స్టేషన్ రోడ్డు మీద మిలిటరీ లారీలు బారులు తీరాయి. జనం పూలు చల్లుతున్నారు. ఆ కోలాహలంలోంచి అక్క సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది. రాత్రంతా నిద్ర లేనట్టుంది. ముఖం కడుక్కోకుండానే మా ఇంట్లోకి వచ్చి తమ్ముడి పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. నన్ను కూడా పెట్టి చూడనిచ్చింది. పొట్ట చెక్కలా ఉంది.

"ఏమైనా పెట్టారా?" అని అడిగింది.

అమ్మాబాపులకు తెలియదు. నాయనమ్మ తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. అక్క తమ్ముడి తల సర్దడానికి వంగింది. తలగడ మీద ఒక శనగ పొట్టు ఉంది. నేను చూశాను. అక్కా చూసింది. దాన్ని రెండు వేళ్లతో తీసి, పిడికిట్లో మూసేసింది. తర్వాత లేచి నాయనమ్మ వైపు తిరిగి, అందరికీ వినిపించేలా చెప్పింది.

"పేగు చిల్లు పడింది మామ్మగారూ. ఈ జబ్బులో దానంతట అదే పడుతుంది. నీళ్ల మీద ఉన్నవాళ్లకూ పడుతుంది. ఎవరి వల్లా కాదు."

ఆపరేషన్ చేయాలి, వెంటనే తీసుకెళ్లాలి అంది. బాపు జట్కా కోసం పరుగెత్తాడు. లారీలకూ జనానికీ మధ్య ఏ బండీ కదిలేలా లేదు. చివరికి తనే ఎత్తుకుని వెళ్తానని తిరిగి వచ్చేసరికి తమ్ముడి నాడి అందడం లేదు. అక్క మా పొయ్యి మీదే సిరంజి మరగబెట్టి, గుండె నిలవడానికని సూది వేసింది. కొంతసేపు నిలిచింది. తర్వాత లేదు. బయట బాజాలు మోగుతూనే ఉన్నాయి.

అందరి కళ్లముందూ జరిగిన ఆఖరి పని ఆ సూది. సాయంత్రానికే మాట పుట్టింది. జ్వరం దిగిన పిల్లాడు, నిన్నటిదాకా బాగున్న పిల్లాడు, నర్సమ్మ సూది వేయగానే పోయాడు. అమ్మే ఆ మాట మొదట అంది. బాపు కాదనలేదు. అక్క మా వాకిట్లో నిలబడి ఆ మాట విన్నది. తర్వాత నన్ను తన సైకిల్ దగ్గరికి పిలిచి, తల మీద చెయ్యి వేసి, "నువ్వు చూసింది నీ దగ్గరే ఉంచుకో నాన్నా. మామ్మగారు ఇంకా బతకాలి" అంది. మళ్లీ నన్ను డాక్టరుగారూ అని పిలవలేదు.

బాపు ఆమె సైకిల్‌కు గాలి కొట్టడం మానేశాడు. వాడలో ఆడవాళ్లు కాన్పులకు ఆమెను పిలవడం మానేశారు. ఏడాది తిరక్కుండా వాళ్లు ఇల్లు ఖాళీ చేసి కార్ఖానా అనే పేట వైపు వెళ్లిపోయారు. సామాను బండి కదులుతున్నప్పుడు నేను దుకాణంలో పంచర్ అతికిస్తూ తల ఎత్తలేదు.

అక్క మాట నేను నిలబెట్టాను. అయితే నా నోరు మూసుకుంది కానీ మనసు మూసుకోలేదు. పేగు ఎలా పల్చబడుతుందో తెలిసినవాణ్ని, కాపలా పెట్టినవాణ్ని, గింజలు నోట్లోకి వెళ్లడం చూసినవాణ్ని. అక్క నాయనమ్మను ఓదార్చడానికి అబద్ధం చెప్పిందని, అసలు నిజం నాకొక్కడికే తెలుసని నమ్మాను. నాయనమ్మ మా తమ్ముణ్ని చంపిందని తొమ్మిదేళ్ల వయసులో తీర్పు ఇచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. ఆమె చేతి ముద్ద తినడం మానేశాను, అంతే.

రోజూ ఆమె అన్నం కలిపి, ముద్ద చేసి, చెయ్యి చాచేది. కడుపులో బాగా లేదనేవాణ్ని, ఆకలి లేదనేవాణ్ని. ఆమె ఎన్నడూ ఎందుకని అడగలేదు. కొన్నాళ్లకు పిలవడం కూడా మానేసింది. అలవాటు కొద్దీ ముద్ద చేసి, నావైపు చూసి, మళ్లీ కంచంలో పెట్టేసేది. మా ఇంట్లో తర్వాత గుడాలు ఉడకలేదు. ఆమె పోయేటప్పుడు నాకు పదిహేనేళ్లు. నోట్లో తులసి నీళ్లు పోయమంటే పోశాను. ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది. నేను గ్లాసు వైపు చూశాను.

ఈమధ్య మా చిన్నబ్బాయికి టైఫాయిడ్ వచ్చింది. ఇప్పుడు మందులున్నాయి, భయపడాల్సింది లేదన్నాడు డాక్టర్. మా అబ్బాయి కంటే నాలుగైదేళ్లు పెద్దవాడేమో. మెత్తటి అన్నం, ఇడ్లీ, పప్పుకట్టు పెట్టండి, పస్తు పెట్టకండి అన్నాడు. నేను ఆయన మీద గొంతు పెంచాను. పేగు చిల్లు పడుతుందని నాకు తెలియదా అన్నాను. నలభై ఏళ్లు ఎవరికీ చెప్పనిది, ముక్కూముఖం తెలియని ఆ కుర్ర డాక్టర్‌కు చెప్పేశాను. ఆయన పెన్ను పక్కన పెట్టి మొత్తం విన్నాడు.

"పుండు లోపల నుంచి తినుకుంటూ పోయి చిల్లు పడుతుందండీ. ఒట్టి గంజి తాగినవాళ్లకు కూడా అలాగే పడేది. ఆ రోజుల్లో మందు లేదు కాబట్టి తిండి ఆపేవాళ్లు, అంతకంటే చేయగలిగింది లేక. ఆ శనగల వల్లే పోయాడని ఎవరూ చెప్పలేరు. కాదని నేనూ చెప్పలేను."

నేను బయటికి వచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. ఆ మాటలు నాకు కొత్తవి కావు. దాదాపు అవే మాటలు, అదే వరసలో, అంతకుముందు ఒకసారి విన్నాను.

కార్ఖానాకు వెళ్లి అడిగితే, అక్క పోయి మూడేళ్లయిందని ఆమె తమ్ముడు చెప్పాడు. ఆమె పెళ్లి చేసుకోలేదు. చివరిదాకా నర్సుగానే పనిచేసింది. మా కుటుంబం గురించి ఎప్పుడైనా చెప్పిందా అంటే, గుర్తు లేదన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమెకు డెబ్బై దాటాయి. పళ్లెంలో బియ్యం ఏరుతోంది. గుడాల సంగతి మొదలుపెట్టగానే చెయ్యి ఎత్తి ఆపింది.

"నాకెర్క లేదనుకున్నవా? పక్క దులుపుతుంటే శనగ గింజ దొరికె."

"మరి అక్కను ఎందుకన్నవమ్మా?"

"ఎవర్నన్న అనకపోతే ఊపిరాడలే బిడ్డా. అత్తమ్మను అంటే అదే ఇంట్ల ఆమెతోని ఎట్ల బతకాలె? నర్సమ్మ పక్కింటామె. ఒక మాట పడితే పడ్డది అనుకున్న."

నేను డాక్టర్ చెప్పింది చెప్పాను. అమ్మ బియ్యం పళ్లెం పక్కకు జరిపింది. తర్వాత చాలా చిన్న గొంతుతో అంది.

"గీ మాట అత్తమ్మకు ఆనాడే ఎవరన్న జెప్తే అయిపోతుండె గదరా."

"ఆనాడే చెప్పిందమ్మా. మనందరి ముందటనే చెప్పింది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్కకు అది నిజమని తెలిసి చెప్పిందో, నాయనమ్మ కోసం చెప్పిందో నాకు తెలియదు. తెలిసే దారి కూడా లేదు. నన్ను దాచుకోమన్నది చూసినదాన్నే. చూసినదాని నుంచి నేను ఏం తేల్చుకుంటానో ఆమె ఊహించి ఉండదు. ఆ పొట్టు కనపడితే మేమందరం ఇక దానివైపే చూస్తామని మాత్రం ఆమెకు అర్థమై ఉంటుంది. అందుకే మూసేసుకుంది. మేము ఆ మూసిన చేతినే తప్పుపట్టాం.

మా తమ్ముణ్ని చంపింది సూది కాదు. ఇది నా పిల్లలకూ, వాళ్ల పిల్లలకూ, మా వాడలో ఆ మాట విన్న ప్రతివాళ్లకూ తెలియాలి. ఎవరైనా నాకు ఒక జబ్బు పేరు చెబితే, అందులో ఇంకా తెలియనిది ఎంత ఉందని అడగడం ఇప్పుడు అలవాటైంది. అన్నం ముందు కూర్చున్నప్పుడు మాత్రం కొన్నిసార్లు నాయనమ్మ కనపడుతుంది. ముద్ద చేసి, చెయ్యి సగం చాచి, నావైపు చూస్తుంది. నేను తల ఎత్తేలోపు దాన్ని కంచంలో పెట్టేస్తుంది.